కంచెను కొట్టెయ్యొద్దు, కత్తిరిద్దాం



పోయిన సంచికలో ఒక చెల్లె పాముల గురించి రాసింది. వెనుక నల్లాల దగ్గర గోరింట కంచెలో పాము కనబడ్డదని, ఆ కంచె మొత్తం కొట్టేసి శుభ్రం చేయించాలని కోరింది. ఆ మాట మేడంల మీటింగులో కూడా వచ్చిందట. దసరా సెలవులకు ముందే మనిషిని పెట్టి కొట్టిస్తరని విన్నాను. చెల్లె భయంతో రాసింది, ఆ భయం అబద్ధం కాదు. కానీ ఆ కంచె పక్కన ఇన్నేండ్ల నుంచి బట్టలు ఉతుకుతున్న దాన్ని కాబట్టి నా మాట కూడా ఈ గోడ మీద ఉండాలని రాస్తున్నాను. మేడంలు పెద్ద మనసుతో చదవాలని మనవి.

కంచె లేని రోజులు ఇప్పుడున్న చిన్న తరగతుల వాళ్లకు తెల్వదు. నేను ఐదో తరగతిలో చేరినప్పుడు నల్లాల వెనుక ముళ్లతీగ మాత్రమే ఉండేది. తీగ మేకను ఆపుతది గాని మనిషి చూపును ఆపదు. దానికి అవతల రోడ్డు. వేములవాడ రాజన్న గుడికి పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఎప్పుడూ నడుస్తనే ఉంటరు. సోమవారం ఇంకా ఎక్కువ. శివరాత్రికి అయితే చెప్పనక్కర లేదు. బస్సులు, ట్రాక్టర్లు, కోడెను పట్టుకొని నడిచేవాళ్లు, రాత్రంతా జనమే. వాళ్లంతా దేవుని దగ్గరికి పోయేవాళ్లే, వాళ్లను నేను ఏమీ అనను. కానీ వందమందిలో ఒక్కడు ఆగి చూస్తే చాలు. మేం నీళ్లు పోసుకునేటప్పుడు రెండు దుప్పట్లు తీగకు కట్టి, ఇద్దరు అటూ ఇటూ పట్టుకొని నిలబడేవాళ్లం. ఒక శివరాత్రినాడు ఒకడు బండి ఆపి ఫోన్ ఎత్తి పట్టిండు. పెద్దక్కలు బకెట్లు పట్టుకొని ఉరికితే బండి తీసుకొని పోయిండు. ఆ తర్వాత వారం రోజులు చాలామంది తెల్లారక ముందే, మూడు గంటలకే స్నానం చేసిండ్రు, చలిలో. ఆ వానకాలంలోనే ఈ గోరింట పెట్టినం. ఇది అందానికి పెట్టిన చెట్టు కాదు. ఇది మన తలుపు.

ఎట్లా పెట్టినమో రాస్తాను, ఎందుకంటే కంచె ఎట్లా పుట్టిందో తెలిస్తేనే ఇప్పుడు దానికేమైందో అర్థమైతది. జూలైలో అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ తవ్వినం. సిరిసిల్ల ఇక్కడికి దగ్గరే కదా, మర మగ్గాల దగ్గర మిగిలిన నూలు ఒక అక్క వాళ్ల మామ తెచ్చిచ్చిండు. దాన్ని రెండు గూటాలకు గుంజి కట్టి వరుస సూటిగా వేసినం. ఎర్రమన్ను, బాగా మాగిన మేక ఎరువు కలిపి కాలువ నింపినం. పెన్సిలు లావు గోరింట కొమ్మలు జానెడున్నర పొడుగు కోసి, కింది ఆకు తీసి, సగం కంటె ఎక్కువ మట్టిలో పోయేటట్టు గుచ్చినం. ఒక్క వరుస కాదు, రెండు వరుసలు. వరుసకు వరుసకు అడుగు ఎడం. ముందు వరుసలో రెండు కొమ్మల నడుమ సందు ఎక్కడ ఉంటదో, వెనుక వరుస కొమ్మ అక్కడికి వస్తది. ఈ రెండు వరుసల సంగతి యాది పెట్టుకోండి, ముందట పనికొస్తది.

నూరు కొమ్మలు గుచ్చితే డెబ్బై దాకా బతికినయి. పోయినచోట మళ్లీ గుచ్చినం.

మా తండాలో ఇట్లాంటి కంచె లేదు. కోనరావుపేట దిక్కు మా చేనుకు ప్రతి ఏడు తుమ్మ కంప, రేగు కంప కొట్టి వేస్తరు. యాడి కొడవలి కట్టె పట్టుకొని కంప లాగితే చేతులు మోచేతుల దాకా గీరుకపోయేవి. అంత కష్టపడ్డా ఒక్క ఏడాదే. చెదలు తింటయి, ఎండకు పెళుసైతది, గాలికి లేస్తది, సంక్రాంతి దాటిందంటే అందులో సగం పొయ్యిలోకే. ఉట్నూరు దిక్కు నుంచి వచ్చిన చెల్లెళ్లు వాళ్ల ఇండ్ల చుట్టు వెదురు తడకలు ఉంటయని చెప్తరు, వాటి సంగతీ అంతే, విడవకుండ మరమ్మతు. ఎండిన కంచె కట్టిన రోజు నుంచే తరుగుతది. పచ్చి కంచె పెట్టిన రోజు నుంచి పెరుగుతది. అంతే తేడా.

ఈ తేడాను లెక్కపెట్టి చూసిన మనిషి ఒకడున్నడు. సోషల్ పాఠంలో 1885లో కాంగ్రెస్‌ను స్థాపించినవాళ్లలో ఏ.ఓ. హ్యూమ్ పేరు చదువుకున్నం కదా, ఆయనే. అంతకు ముందు 1867 నుంచి 1870 దాకా ఆయన బ్రిటిషోళ్ల దగ్గర సుంకాల శాఖకు కమిషనర్‌గా ఉన్నడు. అప్పట్లో ఉప్పు మీద పన్ను ఎగ్గొట్టి ఎవరూ సరుకు దాటించకుండ దేశం నడుమ నుంచి ఒక సుంకపు గీత గీసిండ్రు. సింధు నది నుంచి మహానది దాకా, 1869 నాటికి సుమారు 2,300 మైళ్లు. కాపలాకు దాదాపు 12,000 మంది. ఆ గీత పొడవునా చాలా చోట్ల ముళ్ల కంచె. మొదట ఎండు కంపతో వేసిండ్రు. ఒక్క మైలు ఎండు కంచెకు 250 టన్నుల కంప కావాలని, అదీ ఆరు మైళ్ల దూరం నుంచి కూడా మోసుకొని రావలసి వస్తుందని హ్యూమ్ లెక్క కట్టిండు. చెదలు, నిప్పు, గాలివాన కలిసి దాన్ని ఏటేటా తినేవి. మా యాడి కష్టమే, మైళ్ల లెక్కన! అందుకని ఆయన పచ్చి కంచె పెంచమన్నడు. రేగు, తుమ్మ, వాక, నాగజెముడు, ఏ నేలకు ఏది బతికితే అది. మట్టి మార్చిండ్రు, గట్టు పోసిండ్రు, నీళ్లు తెచ్చి పోసిండ్రు. కొన్ని చోట్ల పన్నెండు అడుగుల ఎత్తు, పద్నాలుగు అడుగుల మందం దాకా పెరిగిందట. 1879లో ఆ గీతను ఎత్తేసిండ్రు. కంచె కూడా నేలలో కలిసిపోయింది. రాయ్ మాక్స్‌హామ్ అనే ఇంగ్లండు ఆయన దాని ఆనవాళ్లు వెతుక్కుంటూ మన దేశమంతా తిరిగి 2001లో పుస్తకం రాసిండు.

ఆ సంగతి తెలిసినప్పుడు నాకు రెండు రకాలుగా అనిపించింది. హ్యూమ్ తోటపని చూస్తే మెచ్చుకోవాలనిపించింది. కానీ ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరు తిరిగిన జాతి మాది. లవణం అన్న మాట నుంచే లంబాడీ అనే పేరు వచ్చిందని కొందరు చెప్తరు. ఆ కంచె అటువంటివాళ్ల దారికి అడ్డం పెట్టింది, పేదోని గంజిలో ఉప్పు కరువు చేసింది. మన నల్లాల దగ్గరి కంచె వేరు. అది మనల్ని ఆపడానికి పెట్టింది కాదు, మనమే మన కోసం గుచ్చుకున్నది. గేటు తాళం ఎవరి దగ్గర ఉన్నా, ఈ కంచె మాత్రం మనది.

ఇక కత్తిరించుడు గురించి. చాలామంది కత్తిరిస్తే చెట్టు తగ్గుతదనుకుంటరు. కంచె చెట్టుకు అది తిరకాసు. కొమ్మ కొసన ఉండే మొగ్గ ఆక్సిన్ అనే రసాయనం తయారు చేస్తది. అది కిందికి దిగి పక్క మొగ్గలను నిద్రలో ఉంచుతది. పదో తరగతి జీవశాస్త్రంలో ఉంది, చిన్నవాళ్లకు ముందట వస్తది. కొస తుంచితే ఆ పెత్తనం పోయి కింద నిద్రపోతున్న మొగ్గలు నాలుగు దిక్కుల పగులుతయి. ఒక కొమ్మ పోయి మూడు వస్తయి. అందుకే మొక్క మోకాలెత్తు రాగానే సగానికి కోసెయ్యాలె. మనం అట్లా కోసినప్పుడు "అయ్యో, అయ్యో" అని ఎంతమంది అడ్డం పడ్డరో! పీఈటీ మేడం ఒక్కరే ధైర్యం చేసి కత్తెర అందుకున్నరు. ఆ రోజు కోసినందుకే రెండో ఏటికి అవతలి బండి రంగు కూడా కనబడకుండ అల్లుకున్నది.

ఇంకో సంగతి, ఇది ముఖ్యం. కంచె కింద వెడల్పు, పైన సన్నం ఉండాలె. కింద రెండున్నర అడుగులు ఉంటే పైన అడుగున్నర. అప్పుడు కింది ఆకుకు ఎండ తగులుతది. పైన గొడుగు లెక్క విచ్చుకుంటే కింద నీడ పడి ఆకు రాలి, ఉత్త కట్టెలు మిగులుతయి. మన కంచెకు జరిగింది ఇదే. రెండేండ్ల నుంచి చేతికి అందిన మటుకు, పక్కలే కత్తిరిస్తున్నరు. పైన ఎవరికీ అందక అట్లనే పెరిగింది. ఇప్పుడు పోయి చూడండి, నెత్తి మీద పచ్చగ గుబురు, మోకాళ్ల కింద బోడి. ఆ బోడి కాళ్ల నడుమ రాలిన ఆకు, సబ్బు కవర్లు, తలవెంట్రుకలు, ఇంకా మనం పారేసిన అన్నం.

అన్నం దగ్గర ఆగుతాను. పాము గోరింటాకు తినడానికి రాదు. పళ్లెంలో మిగిలిన అన్నం నల్లా దగ్గర కడిగినప్పుడు కంచె కిందికి పోతది. అన్నానికి ఎలుక వస్తది, ఎలుకకు పాము వస్తది. రాలిన ఆకు దానికి దుప్పటి. కంచె కొట్టేసినా అన్నం అక్కడే పడితే ఎలుక గోడ సందులోకి పోతది, పాము దాని వెనుకనే గోడ సందులోకి, అంటే మనం పండుకునే గదికి ఇంకా దగ్గరికి వస్తది. కట్లపాము రాత్రిపూట తిరుగుతది, కింద పండుకున్నవాళ్లనే ఎక్కువ కరుస్తది. కరిచిన జాగ సరిగా కనబడదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. కాబట్టి అనుమానం వస్తే మంత్రాలు, తాళ్లు కాదు, వెంటనే ఆసుపత్రికే. కంచె బాగు చేస్తే పాము అసలే రాదని నేను మాట ఇయ్యలేను. ఊరి మొత్తంలో పాము రాని జాగ నాకు తెల్వదు. కానీ కంచె కింద జానెడు ఎత్తు దాకా కొమ్మలు తీసి, రాలిన ఆకు వారానికోసారి ఊడ్చి, అన్నం డబ్బాలోనే వేస్తే పాము దాగడానికి చాటు ఉండదు, ఉన్నా మనకు కనబడతది. జానెడు ఖాళీ ఉంటే మన మరుగుకు నష్టమా అని అడుగుతరు. లేదు. రోడ్డు మీది నుంచి చూసేటోనికి జానెడు సందులో మన బకెట్ కూడా కనబడదు. మోకాలెత్తు బోడి ఉంటేనే కష్టం.

మరి బోడి అయిన దాన్ని ఏం చెయ్యాలె? గోరింట గట్టి చెట్టు. అడుగు ఎత్తు ఉంచి మొదలు దాకా కోసినా మళ్లీ చిగురిస్తది. రాజస్థాన్‌లో పాలీ జిల్లా సోజత్ దగ్గర దీన్ని పంట లెక్క పెంచుతరు. ఆకు కోసం ఏటేటా కోస్తనే ఉంటరు, ఒకసారి పెట్టిన చేను ఇరవై ఏండ్లకు పైగా నడుస్తదట. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాన తక్కువ పడే నేల అది. అక్కడ బతికేది మన దగ్గర బతకదా?

కానీ ఎప్పుడు కొయ్యాలె అన్నది చూడాలె. ఇప్పుడు దసరా ముందు మొదలు దాకా కొడితే కొద్దిగా చిగురు వస్తది, అంతలో చలి పడుతది. చలికాలం గోరింట మెల్లగ పెరుగుతది. శివరాత్రి వచ్చేసరికి మోకాలెత్తు కూడా ఉండదు. మళ్లీ దుప్పట్లు పట్టుకొని నిలబడాలె. అదే మిరుగు రాంగనే, జూన్‌లో, మొదటి వానకు కోస్తే నాలుగు నెలల వాన మొత్తం దానిదే. అదీ ఒక్కసారే మొత్తం కాదు. రెండు వరుసలు ఉన్నయని చెప్పిన కదా. వచ్చే జూన్‌లో లోపలి వరుస కోద్దాం. బయటి వరుస చాటుగా నిలబడతది. ఆ మరుసటి జూన్‌లో లోపలిది గుబురై ఉంటది, అప్పుడు బయటి వరుస. ఒక్క రోజు కూడా మరుగు పోదు. బయటి వరుస నిలిచి ఉంటది కాబట్టి ఆషాఢంలో చేతులకు ఆకు కూడా దొరుకుతది. లేత ఆకే ఎర్రగ పండుతది, అందరికీ తెలిసిందే.

ఈ దసరాకు చెయ్యాల్సింది చిన్న పనే. నెత్తి మీది గొడుగును తగ్గించుడు, కింద ఊడ్చుడు, ఎండిన కొమ్మలు తీసుడు. పాత గోరింట కొమ్మలకు ముల్లు ఉంటది, చేతికి గుడ్డ చుట్టుకోండి.

గోరింట మాట అయింది. గేటు దగ్గరి పసుపుపచ్చ ఆకు చెట్టు డురాంటా గురించి కూడా రెండు ముక్కలు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టు. తొందరగ గుబురైతది, మంచి రంగు, నేను కాదనను. నీడలో పెడితే మాత్రం పసుపు పోయి ఉత్త ఆకుపచ్చ అయితది, ఎండ కావాలె. దాన్ని కత్తిరించకుండ వదిలేస్తే నీలం పూలు పూసి, పసుపు పచ్చని కాయల గుత్తులు వేలాడుతయి. చూడ్డానికి మిఠాయి లెక్క ఉంటయి గాని విషం. ఐదో తరగతి చెల్లెళ్లు వాటితో వంటలాట ఆడుతున్నరు. నోట్ల పెట్టుకోవద్దు. పువ్వు రాకముందే కొస కత్తిరిస్తే కాయే ఉండదు. దానికి వానకాలంలో నెలకోసారి కత్తెర పడాలె.

ఇంగ్లీషు సినిమాలలో రాజుల తోటల్లో గీత గీసినట్టు ఉండే కంచెలు చూసి, అవి మనకు కావాలని కొందరు అంటరు. అది బాక్స్‌వుడ్ అనే చెట్టు, చలి దేశాలది, చాలా మెల్లగ పెరుగుతది. అక్కడ కూడా అది ఇప్పుడు సుఖంగా లేదు. తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఒక రెక్కల పురుగు 2007 ప్రాంతంలో జర్మనీలో కనబడి, తర్వాత యూరప్ అంతా పాకింది. దాని గొంగళ్లు వందల ఏండ్ల కంచెలను బోడి చేసినయి. మనకు ఆ షోకు ఎందుకు? మన గుట్టల మీద బందారు ఉన్నది. ఏడాది పొడుగునా పచ్చగుంటది, ఆకు జిగటగ ఉంటది, మా మేకలు దాన్ని వాసన చూసి పక్కకు పోతయి. ఆటస్థలం దిక్కు ఖాళీగ ఉన్న జాగకు అదే మంచిది. గింజ తోలు గట్టిది, కాగిన నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి విత్తాలె. సెలవులకు ఇంటికి పోయినప్పుడు గుట్ట దగ్గరివాళ్లు రెక్కల కాయలు ఎండినవి ఏరుకొని వస్తే, వచ్చే వానకాలానికి నారు పోసుకోవచ్చు.

కష్టమంతా ఎండకాలమే. ఏప్రిల్ ఆఖరుకు మనం పోతం, జూన్ రెండో వారానికి వస్తం. నడుమ నలభై, యాభై రోజులు కంచెకు ఎవరూ లేరు. వాచ్‌మన్ తాత ఒక్కడు ఎన్ని బకెట్లు మోస్తడు? రెండేండ్లు దాటిన గోరింటకు నీళ్లు లేకున్నా ఆకు రాల్చుకొని బతుకుతది, వానకు మళ్లీ చిగురిస్తది. కొత్తగా పెట్టినవి, డురాంటా బతకయి. వాటి కోసం మార్చి నుంచే పని ఉన్నది. మార్చి తర్వాత కత్తెర పెట్టొద్దు. కత్తిరిస్తే లోపలి లేత ఆకు ఎండకు మాడుతది. పోయే ముందు మొదళ్ల దగ్గర వరిగడ్డి జానెడు మందం పరవాలె, తేమ నిలుస్తది. మనం లేనప్పుడే పరుచుడు, జూన్‌లో రాంగనే కట్టెతో కదిలించి, చూసుకుంట తీసేసుడు. లేకుంటే పాముల సంగతి మళ్లీ మొదటికే. నాలుగు మొక్కలకు ఒక పాత మట్టికుండ మెడ దాకా పాతిపెడితే ఇంకా మంచిది. కుండ నిండా నీళ్లు పోసి మూత పెడితే మెల్లగ ఊరి వేర్లకు అందుతది. తాత వారానికి రెండుసార్లు కుండలు నింపితే చాలు. బియ్యం కడిగిన నీళ్లు కూడా పోయొచ్చు. బాత్రూములు కడిగే బ్లీచింగ్ నీళ్లు మాత్రం అటు దిక్కు పోనియ్యొద్దు.

జూన్‌కు నేను ఇక్కడ ఉండను. పదో తరగతి పరీక్షలైతే మా బ్యాచి వెళ్లిపోతది. అందుకని లోపలి వరుస కోసే పని తొమ్మిదో తరగతి వాళ్లకు అప్పజెప్పుతున్నాను, పీఈటీ మేడం గారి అనుమతితో. వార్డెన్ మేడం గారు కొట్టించే మనిషికి ఇద్దామనుకున్న కూలి పైసలతో ఒక పొడుగు పిడి తోట కత్తెర కొనిస్తే నెత్తి మీది గుబురు మాకు అందుతది. కింద ఊడ్చే పని ఈ ఆదివారం టిఫిన్ కాగానే మొదలు పెడుతున్నం. ఏడో తరగతి వాళ్లు చీపుర్లు, ఎనిమిదో తరగతి వాళ్లు తట్టలు తేవాలె. పొడుగు కట్టె పట్టుకొని వాచ్‌మన్ తాత ముందు నడుస్తనన్నడు. అందరూ చెప్పులు వేసుకొని రండి.